కారు బ్యాటరీ దిగిపోతే
కోరాపుట్ చలికి పొద్దున్నే తాళం తిప్పితే టిక్‌టిక్ తప్ప కారు లేవదు. జయపురం మెకానిక్ ఘాట్ ఎక్కి వచ్చేదాకా ఆగక్కర్లేదు. పక్కింటివాళ్ల కారు, జంపర్ కేబుల్ (రెండు కొసలా క్లిప్పులుండే ఎర్ర, నల్ల తీగలు) ఉంటే చాలు.

రెండు బ్యాటరీలూ 12 వోల్టులవే అయ్యుండాలి, రెండు కార్లూ ఆఫ్‌లో ఉండాలి. ఎర్ర క్లిప్పు ముందు మన ప్లస్‌కి, రెండో కొస వాళ్ల ప్లస్‌కి. నల్లది వాళ్ల మైనస్‌కి. చివరి క్లిప్పు మాత్రం మన మైనస్‌కి కాదు, బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీది రంగు వేయని బోల్టుకి. నిప్పురవ్వ వచ్చేది అక్కడే, బ్యాటరీ దగ్గర గ్యాస్ ఉంటుంది మరి.

వాళ్ల కారు 5 నిమిషాలు ఆన్‌లో ఉంచి మనది స్టార్ట్ చేయాలి. క్లిప్పులు చివర పెట్టింది ముందు తీయాలి. తర్వాత అరగంటైనా నడపండి.

బ్యాటరీ ఉబ్బినా, కారుతున్నా ఇది చేయొద్దు.