కేటలాగ్‌లో ఒకే రచయితకు మూడు పేర్లా?

కాలేజీ లైబ్రరీలో కోహా (కేటలాగ్ నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకునేవాళ్లకు ఒక చిట్కా. వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర రావు, వెంకటేశ్వర్రావు అని ఒకే రచయిత మూడు చోట్ల చెదిరిపోతే, వెతికే విద్యార్థికి ఉన్న పుస్తకాలు కూడా కనిపించవు. ఎంత అన్యాయం!

పుస్తకాల రికార్డులను, వాటిని సవరించే మార్క్‌ఎడిట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, అక్కడి నుంచి చిందరవందర డేటాను సరిచేసే ఓపెన్‌రిఫైన్‌కు పంపండి. రెండూ ఉచితమే. రచయిత పేరు ఉండే 100 ఫీల్డు మీద క్లస్టర్ (ఒకేలాంటి పేర్లను గుంపు చేసే ఆప్షన్) నొక్కి, దగ్గరి పోలికలను వెతికే నియరెస్ట్ నైబర్ పద్ధతి ఎంచుకోండి. ఒక పొల్లు, ఒక ఖాళీ తేడా ఉన్న పేర్లన్నీ పక్కపక్కనే వస్తాయి. పేర్లు చిన్నవైతే బ్లాక్ అక్షరాల సంఖ్యను (రెండు పేర్లను పోల్చాలంటే వాటిలో వరుసగా కలవాల్సిన అక్షరాలు) 6 నుంచి 3కి తగ్గించండి.

అన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టేయకండి. ఇద్దరు వేరే వెంకటేశ్వరరావులు ఉండొచ్చు, పుట్టిన సంవత్సరం చూసి కలపండి. 245 ఫీల్డులోని పుస్తకం పేరు జోలికి మాత్రం వెళ్లొద్దు, అది టైటిల్ పేజీలో ఎలా ఉందో అలాగే ఉండాలి.