సేవలో దేవుని భయం – 3వ పాఠం: ఎవరూ అడగని లెక్క

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పోయిన పాఠంలో యెషయా 6 చదివాం, దేవుని సింహాసనం దగ్గరుండే సెరాపులనే దూతలే ముఖం కప్పుకున్న చోట మనమెంత అనే దగ్గర ఆపాం. మరి ఆ భయం సోమవారం పొద్దున, కానుకల డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఏం చేస్తుంది? ఈరోజు అదే నేర్చుకుందాం.

బైబిల్, నోట్‌బుక్ తీసుకోండి. ముందు 1 సమూయేలు 2:12-17, తర్వాత నెహెమ్యా 5:14-19, రెండూ ఒకేసారి కూర్చుని పైకి చదవండి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క ఏలీ కొడుకులు ఏం తీసుకున్నారో, కుడి పక్క నెహెమ్యా ఏం వదిలేశాడో రాయండి. వ్యాఖ్యానాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ కళ్ళతో చూడండి.

యాజకుడైన ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు, దేవుని మందిరం ఉన్న షిలోహులో యాజకులు. జనం బలిగా తెచ్చిన మాంసం ఉడుకుతుంటే వాళ్ళ పనివాడు మూడు ముళ్ళ కొంకి గుచ్చి, పైకి వచ్చిందల్లా తీసుకునేవాడు, అది చాలక కొవ్వు దేవునికి దహించకముందే పచ్చి మాంసం ఇవ్వు, లేకపోతే బలవంతంగా తీసుకుంటా అనేవాడు. గమనించండి, వీళ్ళు బయటివాళ్ళు కాదు, రోజూ బలిపీఠం దగ్గర ఉండేవాళ్ళు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే, ఎందుకంటే పరిశుద్ధమైన వాటిని రోజూ ముట్టుకునేవాళ్ళకే అవి మామూలు అయిపోయే ప్రమాదం ఎక్కువ, పాస్టర్లకీ, పాటలు పాడేవాళ్ళకీ, సండే స్కూల్ టీచర్లకీ కూడా.

ఇప్పుడు నెహెమ్యా. పారసీక రాజు అర్తహషస్త ఏలుబడిలో 20వ ఏడు నుంచి 32వ ఏడు వరకు, 12 ఏళ్ళు యూదా దేశానికి అధికారి. అధికారికి రావలసిన భత్యం ఉంది, అది లంచం కాదు, తీసుకుంటే తప్పు పట్టేవాడు లేడు. ముందున్న అధికారులు ఆహారం, ద్రాక్షారసం, పైగా 40 తులాల వెండి తీసుకున్నారు. ఈయన బల్ల దగ్గర రోజూ 150 మంది తింటున్నారు, రోజుకి ఒక ఎద్దు, ఆరు గొర్రెలు, కోళ్ళు, అయినా భత్యం అడగలేదు. పొలం కూడా సంపాదించుకోలేదు. కారణం 15వ వచనంలో ఆయనే చెప్పాడు, దేవుని భయముచేత అని. 18వ వచనం కూడా అండర్‌లైన్ చేయండి, అప్పటికే జనం మీద భారం ఎక్కువగా ఉంది అంటాడు. అంటే దేవునికి భయపడ్డవాడికి ప్రజల కష్టం కనబడింది. భయం ఉంటే మనిషి ముడుచుకుపోతాడు అనుకుంటాం గానీ, ఈయన్ని ఆ భయమే 12 ఏళ్ళు చేతులు శుభ్రంగా ఉంచి నిలబెట్టింది.

ఈ వారం అభ్యాసం ఇదీ. మీ సేవలో మీకు హక్కుగా వచ్చేవి, ఎవరూ లెక్క అడగనివి రాయండి: డబ్బు, మైక్ ముందు టైమ్, జనం ఇచ్చే గౌరవం, ఎవరో నమ్మి చెప్పుకున్న రహస్యం. ఒక్కోదాని పక్కన "దేవుని ముందు ఇది తీసుకోవచ్చా, నా వల్ల ఎవరి మీద భారం పడుతోంది" అని రాసి, జవాబు రాసే ముందు కాసేపు మౌనంగా ప్రార్థన చేయండి. హక్కు ఉన్న ప్రతిదీ వదిలేయమని కాదు, పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు. ఒక్కటి ఎంచుకోండి చాలు. డబ్బు విషయమైతే మాత్రం సంఘంలో ఇంకో ఇద్దరు పెద్దల్ని కూర్చోబెట్టుకుని లెక్కపెట్టండి, దీన్ని వాయిదా వేయొద్దు.

వచ్చే పాఠానికి మలాకీ 1:6-14 చదివి రండి, గుడ్డి పశువుని బలికి తెచ్చిన యాజకుల సంగతి.