వేసవి మొదట్లో కొండవీటి చెరువుల దగ్గర పక్షులను చూడడం ఎలా?

ఏప్రిల్‌కల్లా చలికాలపు బాతులు ఉత్తరానికి వెళ్లిపోతాయి. ‘ఇప్పుడు ఏముంటాయిలే’ అని గుంటూరులో చాలామంది బైనాక్యులర్స్ బీరువాలో పెట్టేస్తారు. లేదంటే దగ్గర్లోని ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లి గూడబాతులను (పెలికాన్లను) చూసి వస్తారు. ఉప్పలపాడు మంచిదే, కానీ అక్కడి పక్షులు మనుషులకు అలవాటుపడ్డాయి. ఓపిగ్గా చూడడం నేర్చుకోవాలంటే కొండవీడు ఎక్కాలి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు రెడ్డిరాజుల కోటలోనే, కొండ మీదే ఉన్నాయి.

8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, 42 మి.మీ. కటకం), రెండు లీటర్ల నీళ్లు, టోపీ చాలు. పది రెట్లవి వద్దు, చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. తెల్లచొక్కా అసలు వద్దు. ఘాట్ రోడ్డు గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే కనుక్కోండి. తీయగానే ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పు గట్టున కూర్చోండి.

అందరూ చెడగొట్టేది నీటి అంచుకు నడిచేటప్పుడే. కారు దిగి, మాట్లాడుకుంటూ నేరుగా నీళ్ల వైపు వెళ్తారు. అందరికంటే ముందు మనల్ని చూసేది తీతువు పిట్ట. అది ఒక్కసారి అరిచిందంటే చెరువంతా ఖాళీ.

తీతువు అరుపు అపశకునం అంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. మార్చి నుంచి అది గుడ్లు పెట్టే కాలం. గూడంటూ ఏమీ ఉండదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో సాధారణంగా నాలుగు మచ్చల గుడ్లు. రాళ్లకూ వాటికీ తేడా తెలియదు, తొక్కేస్తాం. తొక్కకపోయినా ప్రమాదమే. ఎండలో తల్లిదండ్రులు పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడే నిలబడి ఫొటోలు తీస్తుంటే అవి దగ్గరికి రాలేవు, గుడ్లు ఎండకు మాడిపోతాయి.

అందుకే పది అడుగులు వేసి ఆగండి, వినండి. అరుపు మొదలైతే వచ్చిన దారినే వెనక్కి తగ్గండి. పక్కకు తిరిగితే గూటి మీదికే వెళ్లొచ్చు. మీ మీదికి దూసుకొస్తోందంటే గూడు చాలా దగ్గర్లో ఉన్నట్టే. అరుపు ఆగేదాకా వెనక్కి నడిచి, ఏదైనా చెట్టు నీడలో కూర్చోండి. ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి పిలవడం నా లెక్కలో తప్పే, గూళ్ల కాలంలో మరీ తప్పు.

ఇరవై నిమిషాలు కదలకండి. ముందు నీటికాకి వచ్చి రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటుంది. తర్వాత లకుముకి. చివరికి తీతువు అటూ ఇటూ చూసుకుంటూ, తడిసిన పొట్టతో నడిచి వెళ్లి ఒకచోట కూర్చుంటుంది. ఆ చోటు ఎవరికీ చెప్పకండి.