ఇంటర్ దగ్గర ఆగిన చదువును డిగ్రీ దాకా తీసుకువెళ్లడం ఎలా?

ఉద్యోగమో సంసారమో చూసుకుంటూ డిగ్రీ చేయాలనుకునేవారు ముందుగా ఇంటర్ సంగతి తేల్చుకోవాలి. రోజూ తరగతులకు వెళ్లకుండానే ఇంటర్ స్థాయి పరీక్షలు రాసే వీలు కల్పించే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్)లో ఒకసారి పేరు నమోదు చేసుకుంటే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి కనుక, అన్ని సబ్జెక్టులనూ ఒకేసారి నెత్తికెత్తుకోకుండా రెండేసి చొప్పున రాసుకోవడమే మేలని నా అభిప్రాయం. పాత మార్కుల మెమోను పారేయకండి; గుర్తింపు పొందిన బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు, నిబంధనల మేరకు, బదిలీ చేయించుకునే వీలుంది.

ఆ తరువాత, 1982లో మొదలై నేడు హైదరాబాదు కేంద్రంగా అంబేడ్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల గడువిచ్చే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లోనో చేరవచ్చు. దరఖాస్తుకు ముందే యూజీసీ డెబ్ ఐడీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరవిద్య విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. ఆధార్‌లోని పేరు, పదో తరగతి మెమోలోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అప్పుడే సరిచూసుకోండి. చిక్కు సాధారణంగా ఇంటిపేరు దగ్గరే వస్తుంది.