ఏటి ఒడ్డు ఇంటి తోటలో మొక్క వాడితే, ముందు గుంత చూడండి

తుంగభద్ర, హంద్రీ, పెన్న ఒడ్డున ఇల్లు కట్టుకుని, మన నేలకు అలవాటైన వేప, కానుగ, రేల, తెల్లమద్ది వేసినవాళ్లు తరచూ అడిగే మాట: "మన చెట్లే కదా, ఎందుకు చస్తున్నాయి?" జవాబు ఎక్కువసార్లు మొక్క నాటిన గుంతలోనే దొరుకుతుంది. దాన్ని మాత్రం ఎవరూ చూడరు.

లక్షణం: ఆకు పసుపెక్కి రాలుతోంది, కొమ్మలు వాలాయి, మట్టి మాత్రం తడిగానే ఉంది

మొక్క వాడిందని ఇంకో బిందె నీళ్లు పోయకండి. మొక్క మొదలుకు జానెడు దూరంలో అరడుగు తవ్వి, మట్టి పిడికిట పట్టి పిసకండి. నీళ్లు కారినా, మురుగు వాసన వచ్చినా అది దాహం కాదు. వేరుకు గాలి అందడం లేదు. సన్న వేరు ఒకటి లాగితే పైతోలు ఊడి లోపలి నార మిగిలిందా, కుళ్లు మొదలైనట్టే.

కర్నూలు చుట్టుపక్కల ఎక్కువ చోట్ల నల్లరేగడి. అందులో మూడడుగుల గుంత తీసి, నల్లమట్టి పారబోసి, ట్రాక్టరుతో తెప్పించిన ఎర్రమట్టి, ఇసుక, ఎరువు నింపుతారు. నింపిన మట్టి నీళ్లు గబగబా తాగుతుంది. చుట్టూ ఉన్న రేగడి తడిస్తే ఉబ్బి, పగుళ్లు మూసుకుని, నీళ్లు దిగనివ్వదు. ఇక ఆ గుంత చిల్లు లేని తొట్టే. వానలకు చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే చేరతాయి. జేసీబీతో తీసిన గుంత ఇంకా చెడ్డది, బకెట్టు రాసుకుపోయి గోడలు నున్నగా మెత్తినట్టవుతాయి. ఎండాకాలమంతా ఏపుగా ఎదిగిన మొక్క ఆగస్టు, సెప్టెంబరు వానల్లో చస్తుంది కాబట్టి, తెగులనుకుని మందు కొడుతూ కూర్చుంటారు.

పరీక్ష సులువు. మొక్క పక్కన, ఎరువు తగలని నేలలో అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. ఈ నానబెట్టడం తప్పనిసరి. ఎండిన రేగడిలో నీళ్లు పగుళ్లలోకి మాయమై, నేల బాగా ఇంకుతుందనే భ్రమ కలిగిస్తాయి. మర్నాడు మళ్లీ నింపి, పుల్ల గుచ్చి మట్టం గుర్తు పెట్టండి. గంటకు అంగుళం దిగితే ఫరవాలేదు. అరంగుళం కూడా దిగకపోతే అక్కడ గుంత వద్దు, దిబ్బ కట్టాలి.

సరిచేయడం ఇలా. చిన్న మొక్కైతే మట్టిగడ్డతో సహా పైకెత్తి, నల్లబడ్డ వేర్లు కత్తిరించండి. తీసిన నల్లమట్టే మూడొంతులు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి, అడుగు ఎత్తు, ఐదడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. దిబ్బ కింది నేలను గడ్డపారతో గీరి వదులు చేయండి. అడుగున కంకర వేస్తే నీళ్లు దిగుతాయని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. పైమట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు కంకరలోకి దిగవు, తడి వేరు దగ్గరే ఆగుతుంది.

ఎదిగిన చెట్టును కదపకండి. గుంత అట్టడుగు కంటే కాస్త లోతుగా, అడుగు వెడల్పున పల్లం వైపు కాలువ తీసి కంకర నింపండి. ఇక్కడ నీళ్లు బయటికి పోయే దారి ఉంది కాబట్టి కంకర పనిచేస్తుంది. ఆ కాలువను ఏటి గట్టు అంచుదాకా తీసుకెళ్తే గట్టు కోసుకుపోతుంది. ముందే ఆపి, అక్కడ వట్టివేరు వేయండి.

తెల్లమద్ది, నేరేడు, కానుగ, వావిలి కొన్నాళ్లు తడి ఓర్చుకుంటాయి. వేప, ఎర్రచందనం, తంగేడు ఓర్చుకోవు. వాటికి దిబ్బే.

లక్షణం: లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇనుము అందడం లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం పెళ్లలు నేలలో ఉంటే, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పోస్తుంటే ఇలా అవుతుంది. మొక్క చుట్టూ రెండడుగుల మేర పెళ్లలు ఏరేయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి.

లక్షణం: వట్టివేరు వేసినా గట్టు కోసుకుపోతోంది

మిద్దె మీది వాననీళ్ల పైపు ఎక్కడ దిగుతోందో చూశారా? ఒకేచోట పడే ఆ ధార ముందు ఏ గడ్డీ ఆగదు. ముందు పైపు మార్చండి. తర్వాత వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, దుబ్బుకూ దుబ్బుకూ అరడుగు మించకుండా జూన్, జూలైలో నాటండి. వాలు వెంబడి పైనుంచి కిందికి నాటిన వరుస నీళ్లకు దారవుతుంది.

లక్షణం: వరద తగ్గాక బాగున్న చెట్టు నెలల తర్వాత ఎండుతోంది

2009 అక్టోబరులో కర్నూలును ముంచినలాంటి వరద వస్తే మొదళ్ల చుట్టూ ఒండ్రు పేరుకుని వేరుకు గాలి అందదు. వేర్లు విచ్చుకునే చోటు కనబడేదాకా దాన్ని చేత్తో తీసేయండి, పారతో బెరడు తెగుతుంది.

చెదలు ఎక్కువగా చచ్చిన వేరుకే పడతాయి, కాబట్టి వేరు ఎందుకు చచ్చిందో ముందు చూడండి. కానుగ వేర్లకు బుడిపెలు సహజమే, మిగతా మొక్కల వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు కావచ్చు. ఇవి నర్సరీ కవరుతో రావచ్చు, ఆ మొక్క పీకి మరొకటి వేసుకోండి.