కారం కూరకు కుదిరిన రెడ్ వైన్: నా అనుభవం

మేం ఉండేది ఫ్రాన్స్‌లోని లియాన్‌లో. గోంగూర మటన్ వండిన రోజు బోర్డో రెడ్ వైన్ తెరిస్తే నోరు పిడచకట్టుకుపోయేది. దాన్లో టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఎక్కువ. కారానికి ఆ వగరు తోడైతే ఇక చెప్పేదేముంది!

ఊరికి ఉత్తరాన ఉన్న బోజొలే ప్రాంతపు వైన్‌కు మళ్లాక ఆ బాధ తీరింది. అక్కడ గామే ద్రాక్షను చాలావరకు గుత్తులు గుత్తులుగానే తొట్టెల్లో వేస్తారు. పులియడం పండు లోపలే మొదలవుతుంది కాబట్టి వగరు తక్కువగా దిగి, చెర్రీ, రాస్ప్‌బెర్రీ వాసన పైకొస్తుంది.

కొనేటప్పుడు బోజొలేలో ఏ చోటిదో సీసా మీద పేరు చూస్తాను. ఫ్లూరీ తేలిక. మోర్గాన్, మూలాన్-ఆ-వాన్ కాస్త దిట్టం, కొన్నేళ్లు ఆగుతాయి. నవంబరు మూడో గురువారం వచ్చే నువో (ఆ ఏటి పంటతో చేసిన కొత్త వైన్) మాత్రం దాచుకునే సరుకు కాదు (నన్నడిగితే హడావుడే ఎక్కువ).

తాగే అదనుకు వచ్చిందా అని గ్లాసును తెల్ల కాగితం మీదకు వంచి అంచు చూస్తాను. ఊదా రంగుంటే ఇంకా లేతది. ఇటుక రంగుకు తిరిగితే పండు రుచి తగ్గి, ఎండుటాకుల వాసన మొదలైనట్టే. గోంగూరకు అది నప్పదు. వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి 13 డిగ్రీల దగ్గర పోస్తాను. గది వేడిలో అయితే ముక్కుకు ముందు ఆల్కహాలే తగులుతుంది.