డెల్టా మట్టికి తట్టుకునే మౌంటెన్ బైక్ కట్టుకోవడం

కొండే లేని చోట మౌంటెన్ బైక్ ఎందుకని అడిగేవాళ్లు, ఏటిగట్టు మీంచి లంకలోకి దిగే ఇసుక బాటలో ఒక్కసారి మామూలు సైకిల్ తొక్కి చూడాలి. ధవళేశ్వరం దిగువన సైకిల్‌ని పాడుచేసేది ఎత్తుపల్లాలు కాదు. జిగురు మట్టి, ఇసుక, ముళ్లు, సముద్రం దగ్గరపడేకొద్దీ ఉప్పుగాలి. అందుకే ఖర్చు పెట్టే వరస ఇక్కడ తిరగబడుతుంది. షాపులో ముందు చూపించేది సస్పెన్షన్. మనం ముందు చూసుకోవాల్సింది చక్రాలు, బేరింగులు, ఫ్రేములో ఖాళీ.

ఫ్రేము

వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ చాలు. వెనక షాక్ ఉన్న ఫ్రేముకి కీలు కీలుకీ బేరింగులుంటాయి, ఒండ్రు వాటిలో దూరితే రెండు వర్షాకాలాలకే కిర్రుకిర్రు మొదలవుతుంది. 2.5 అంగుళాల టైరు పట్టే ఫ్రేము తీసుకుని 2.25 టైరు వేయండి. టైరుకి రెండు పక్కలా 8-10 మి.మీ. ఖాళీ ఉంటేనే నల్లమట్టి చక్రాన్ని పట్టేయకుండా రాలుతుంది.

బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగులు) కప్పులు మరలతో బిగిసే రకమే, అంటే 73 మి.మీ. బీఎస్ఏ అన్నదే ఎంచుకోండి. నొక్కి దించే ప్రెస్‌ఫిట్ రకంలో కప్పుకీ ఫ్రేముకీ మధ్య సన్న ఇసుక చేరిందంటే తొక్కినప్పుడల్లా చప్పుడే. వెనక ఇరుసు 12×148, ముందు 15×110 (మి.మీ.లో మందం, వెడల్పు) అయితే హబ్బులు, అంటే చక్రం నడిమి భాగాలు, తేలిగ్గా దొరుకుతాయి. ఫ్రేము, ఫోర్కు, హబ్బు కొనేముందే ఈ అంకెలు కాగితం మీద రాసుకుని సరిచూసుకోండి. కస్టమ్ సైకిల్ కట్టేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే: ఇరుసు కొలత ఒకటి, హబ్బు కొలత ఇంకొకటి.

ముందు ఫోర్కు 100 మి.మీ. గాలి ఫోర్కు అయితే సరి. ఎక్కి కూర్చున్నప్పుడు 15-20 మి.మీ. దిగేలా గాలి పెట్టండి. అంతకన్నా పొడుగు ఫోర్కు మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లకి పనికొస్తుంది గానీ గట్ల మీద బరువే.

చక్రాలు

29 అంగుళాలే మేలు. గేదెల గిట్టల గుంతలు ఎండి రాయిలా గట్టిపడ్డ గట్టు మీద పెద్ద చక్రం గుంతలో పడకుండా పైనుంచి దాటిపోతుంది. లోపలి వెడల్పు 30 మి.మీ. ఉన్న రిమ్ములు, 32 స్పోకులు, ఒక్కో స్పోకు ఇంకో మూడింటిని దాటేలా అల్లిక. నిపుళ్లు (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) మాత్రం ఇత్తడివే వేయండి. బరువు తగ్గుతుందని అల్యూమినియం నిపుళ్లు వేస్తే అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే సైకిల్‌కి అవి స్పోకుకి పట్టేసి, వంకర తీద్దామని తిప్పగానే పుటుక్కున విరుగుతాయి. బిగించే ముందు స్పోకు మరలకి చుక్క నూనె రాయండి. వంకర అర మిల్లీమీటరు లోపుకి వచ్చాక స్పోకుల్ని జంటలుగా పట్టి గట్టిగా పిండండి. టిక్కుటిక్కుమని సర్దుకుంటాయి. ఆ తర్వాత మళ్లీ ఒకసారి వంకర చూడాలి. ఈ పిండడం మానేస్తే మొదటి రెండు మూడు రైడ్లలోనే చక్రం వంకర తిరుగుతుంది.

హబ్బులో కోన్లూ గుండ్లూ ఉండే పాత రకమైనా పరవాలేదు, ఊళ్లో ఏ మెకానిక్కైనా విప్పి గ్రీజు పెట్టగలడు. సీల్డ్ బేరింగులైతే వాటిమీద నంబరు చూసి రాసి పెట్టుకోండి. ఉదాహరణకి 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. అదే నంబరుతో మోటారు బేరింగులమ్మే కొట్టు దగ్గర దొరుకుతుంది. రెండు పక్కలా రబ్బరు సీలుండే 2ఆర్‌ఎస్ రకమే అడగండి.

ఇక ముళ్లు. ఇసుక నేలలో పల్లేరుకాయలు, గట్ల వెంబడి తుమ్మముళ్లు. ట్యూబు వేసుకుని తిరిగితే పంచర్లు వేసుకుంటూ కూర్చోవడమే పని. ట్యూబ్‌లెస్ చేయించండి. రిమ్ముని శుభ్రంగా తుడిచి, టేపుని లాగి పట్టుకుంటూ చుట్టండి, వాల్వు దగ్గర అరచెయ్యి పొడవున రెండో వరస పడాలి. ఒక్కో టైరులో 100 మి.లీ. సీలెంట్ (చిల్లుల్ని పూడ్చే ద్రవం) పోయండి. గాలి ఎక్కించాక చక్రాన్ని పక్కకి వాల్చి, తిప్పుతూ రెండు వైపులా ఊపితే అంచుల్లో బుడగలు ఆగిపోతాయి. ఇక్కడి ఎండకి సీలెంట్ రెండు మూడు నెలల్లో పెచ్చులు కడుతుంది. వాల్వు తీసి సన్నటి ప్లాస్టిక్ పుల్ల దించి తడి ఉందో లేదో చూసి మళ్లీ పోసుకోవాలి. టైరుకి దిగిన పల్లేరుకాయ కనిపిస్తే ఆగి తీసేయాలని చెయ్యి లాగుతుంది. ఇంటికెళ్లేదాకా పీకకండి, దాని చుట్టూ సీలెంట్ గడ్డకట్టనివ్వండి.

70 కిలోల మనిషికి టైర్లలో గాలి ముందు 20, వెనక 23 పీఎస్‌ఐ మొదలుపెట్టే లెక్క. ఇసుకలో నాలుగైదు తగ్గించండి, తారురోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టుకోండి.

గేర్లు, బ్రేకులు

ముందు ఒకటే చైన్‌రింగు, 32 పళ్లు. వెనక 9 స్పీడు, 11 నుంచి 42 పళ్ల దాకా ఉండే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి). నిమిషానికి 90 తొక్కులతో పై గేరులో గంటకి 36 కి.మీ. వస్తుంది, డెల్టాలో అంతకన్నా అక్కర్లేదు. 12 స్పీడు చైను సన్నం, క్యాసెట్ ఖరీదు, ఇసుక రెంటినీ ఒకే వేగంతో తింటుంది.

బ్రేకులు మినరల్ ఆయిల్ వాడే హైడ్రాలిక్ డిస్కులు. ఇంకో రకం బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన ఉక్కపోతలో త్వరగా మార్చాల్సి వస్తుంది. ఒక రకం బ్రేకులో రెండోది పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం పోతుంది. ఒండ్రు నీళ్లు రెసిన్ ప్యాడ్లని అరగదీస్తాయి కాబట్టి మెటల్ ప్యాడ్లు మంచివి, కాస్త అరిచినా సరే. అయితే రోటరు (బ్రేకు డిస్కు) మీద రెసిన్ ప్యాడ్లకే అని రాసి ఉంటే మెటల్ వేయకూడదు. కొత్త ప్యాడ్లు వేశాక మోస్తరు వేగంలో ఇరవైసార్లు, చక్రం లాక్ కాకుండా గట్టిగా పట్టి వదలండి.

బిగింపు

బీబీ కప్పులకి, పెడళ్లకి, సీటు గొట్టానికి గ్రీజు తప్పనిసరి. ఉప్పుగాలిలో అల్యూమినియం గొట్టం స్టీలు ఫ్రేములో అతుక్కుపోతే కోసి తీయడమే, అందుకని రెండు నెలలకోసారి సీటు గొట్టం బయటికి లాగి తుడిచి గ్రీజు పెట్టండి. మరల తిప్పుడు గుర్తుండకపోతే ఇది చాలు: కప్పులు రెండూ వెనక చక్రం వైపు తిప్పితే బిగుస్తాయి, పెడళ్లు రెండూ ముందు చక్రం వైపు.

బిగింపు లెక్కలు న్యూటన్ మీటర్లలో: బీబీ కప్పులు 35-50, క్యాసెట్ రింగు 40, షిమానో రకం క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) పక్క బోల్టులు 12-14, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి కలిపే ముక్క) బోల్టులు 5. క్రాంకు బోల్టులు రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక్కటే పూర్తిగా బిగిస్తే క్రాంకు వదులై, దాని పళ్లే అరిగిపోతాయి. ఫోర్కు గొట్టం కోసేటప్పుడు స్టెమ్ పై అంచుకి 3 మి.మీ. దిగువకి కోయండి, లేకపోతే పై మూత స్టెమ్‌ని నొక్కదు, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) ఊగుతూనే ఉంటుంది. తొలిసారి కోసేవాళ్లు 20 మి.మీ. ఎక్కువే ఉంచి స్పేసర్లు వేసుకోవడం మంచిది. కోసింది మళ్లీ అతకదు.

చైను పొడవు: డిరైలర్‌లోంచి (గేర్లు మార్చే పరికరం) పోనీయకుండా చైన్‌రింగు, క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదుగా చుట్టి, కలిసే చోటుకి ఇంకో రెండు పిన్నులు కలిపి కోయండి.

గట్ల మీద

గౌతమి, వశిష్ఠ ఏటిగట్లు పైన చాలాచోట్ల తారురోడ్డు పడింది. అసలు దారి పక్కనే: లంకల్లోకి దిగే బాటలు, కాలువ గట్లు, చేల మధ్య పుంతలు. పొలం గట్లు మాత్రం వదిలేయండి, ఒక్క చక్రానికే జారి కింద మడి నీళ్లు పోతాయి, రైతు తిట్టడంలో తప్పులేదు.

మంచి కాలం డిసెంబరు నుంచి మార్చి. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు గట్లు ఎండి బాగుంటాయి గానీ పరిచిన వరిగడ్డి మీదుగా పోవద్దు. నాలుగు గడ్డిపరకలు క్యాసెట్ వెనక చుట్టుకుంటే తాడులా పేనుకుని, డిరైలర్‌ని స్పోకుల్లోకి లాగేస్తాయి. తొక్కు బరువెక్కగానే ఆగండి, వెనక్కి తిప్పితే ఇంకా ముడిపడుతుంది. కొబ్బరి ఈనెతో గుచ్చి లాగితే ఊడొస్తుంది. బురద గోకడానికీ అదే ఈనె, ఏ తోటలోనైనా దొరుకుతుంది.

వాన పడిన గట్టు మీద రెండు రోజులు ఆగాలి. బొటనవేలితో నొక్కితే మట్టి అతుక్కుంటే ఆ రోజు తారురోడ్డే గతి. ఎండాకాలంలో గట్టు పొడుగునా పడే బీటలు చక్రాన్ని పట్టేస్తాయి, వాటికి సమాంతరంగా కాకుండా అడ్డంగా దాటండి. ఇసుకలో బరువు వెనక్కి వేసి, ఒక గేరు తగ్గించి, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుని ఆగకుండా తొక్కాలి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. సాయంత్రం పూట కనిపించని ప్రమాదం పలుపుతాడు. గట్టు ఈ పక్క మేకుకి కట్టిన గేదె ఆ పక్క మేస్తూ ఉంటుంది, తాడు దారికి అడ్డంగా మోకాలెత్తున బిగుసుకుని ఉంటుంది. గట్టు మీద గేదె కనిపించగానే ముందు మేకు కోసం చూడండి.

వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాకముందే లంకల వైపు దిగడం మానేయండి. కాజ్‌వే మీద నీళ్లు ఎక్కాక తిరిగి వచ్చే దారి ఉండదు.

సముద్రం ఒడ్డునుంచి వస్తే ఆ రోజే బకెట్టు మంచినీళ్లు పోసి కడగండి. లారీలు కడిగే నీళ్ల తుపాకీ హబ్బుల దగ్గర పెట్టించొద్దు, సీలు దాటి గ్రీజు కొట్టుకుపోతుంది. ఆరాక ఎండాకాలంలో మైనం, వర్షాకాలంలో చిక్కటి చైను నూనె రాసి, పైన అంటిందంతా గుడ్డతో తుడిచేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోస్తే వారానికే జిడ్డు కట్టి ఇసుకని పట్టుకుంటుంది. నెలకోసారి చైను మీద స్కేలు పెట్టి కొలవండి. 12 పూర్తి లింకులు 12 అంగుళాలుండాలి, పదహారో వంతు అంగుళం పెరిగిందంటే కొత్త చైను తెచ్చి పెట్టుకోండి.